కంబదూరు ఇంగ్లీషు

హైదరాబాదు,
18 జూన్ 2001.

అక్కా,

నీ తమ్ముడు బాగానే ఉన్నాడు. హాస్టలు మెస్సులో తినేవాడు ఎంత బాగుంటాడో అంత బాగున్నాడు. హేమ నాలుగో తరగతికి వచ్చింది కదా, ఇంకా నిద్రలో కూడా మాట్లాడుతూనే ఉందా?

అసలు సంగతికి వస్తాను. నా పరిశోధనకు విషయం ఖాయమైంది. మన అనంతపురం జిల్లావాళ్ళు ఇంగ్లీషు ఎలా పలుకుతారు, తాతల పలుకుకూ మనవళ్ళ పలుకుకూ ఎంత తేడా వచ్చింది అన్నది. మా సారు మొదట నవ్వాడు, ఆ కరువు సీమలో ఇంగ్లీషు యాస కూడా పండుతుందా అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. అందుకే ఇదే చేసి తీరతానని పట్టుబట్టాను.

దీనికి గొంతులు కావాలి. నేను వచ్చి టేపు ముందు కూర్చోబెడితే అందరూ బిగుసుకుపోతారు. నువ్వు ఆ ఊరి బళ్ళో ఇంగ్లీషు టీచరువి. నీ ముందైతే మామూలుగా మాట్లాడతారు. టేప్ రికార్డరూ ఖాళీ క్యాసెట్లూ బస్సులో పంపుతున్నాను. ముసలివాళ్ళు కొందరు, నీ క్లాసు పిల్లలు అందరూ, హేమతో సహా.

ఒకటే షరతు. ఎవరినీ దిద్దొద్దు. నీకది ఎంత కష్టమో నాకు తెలుసు, నీ మొట్టికాయలు తిన్న తల ఇది. అయినా వాళ్ళు ఎలా పలికితే అలాగే కావాలి.

నీ అశోక్.


కంబదూరు,
5 ఆగస్టు 2001.

చిరంజీవి అశోకుకు అక్క దీవెనలు.

నీ క్యాసెట్లు నిండాయి. నా ఓపిక ఖాళీ అయింది. రిటైరైన పోస్టుమాస్టరు ఓబుళేసు తాతను అడిగితే, పెట్టెలోంచి కోటు తీయించుకుని తొడుక్కుని గాని టేపు ముందు కూర్చోలేదు. ఆయనకు ఇంగ్లీషు తిట్టడానికే వస్తుంది. క్యాసెట్టు ఒక వైపంతా వాన పడనందుకు ప్రభుత్వాన్ని తిట్టాడు. మధ్యలో ఆపబోతే నన్నూ తిట్టాడు. అది కూడా ఉంది, విను.

పిల్లల సంగతి వేరే కథ. రేపు టేపు అని చెప్పానో లేదో, తెల్లారి అందరూ తలకు నూనె పెట్టుకుని, ఉతికిన బట్టలు వేసుకుని, దేవుడి బొట్టు పెట్టుకుని దిగారు. వెనకాలే అమ్మానాన్నలు. గుమ్మఘట్ట నుంచి లింగప్ప అనే ఆయన సేద్యం పనులు వదిలిపెట్టి వచ్చాడు, ఆయన కొడుకు తేజ మా హాస్టల్లో ఉంటాడు. ఎన్ని మార్కులకమ్మా అని అడిగాడు. ఇది పరీక్ష కాదు, మార్కులుండవు అన్నాను. "మార్కులు లేని దానికి హైదరాబాదుదంకా టేపు యాల పోతాది టీచరమ్మా" అని నవ్వాడు. నేనేదో రహస్యం దాస్తున్నాననుకున్నాడు. ఎంత చెప్పినా ఒక్కరూ నమ్మలేదు.

మా కరస్పాండెంటు బయ్యన్న సంతోషంగా ఒప్పుకున్నాడు. బోర్లన్నీ ఎండిపోయాక ఆయనకు సేద్యం లేదు, ఈ బడే ఆయన సేద్యం. హైదరాబాదులో మా బడి పేరు నాలుగు చోట్ల చెప్పమని అడిగాడు. చెప్పు తమ్ముడూ. బడి బాగుంటేనే నేను బాగుంటాను. బళ్ళోనే ఒక గది, హేమకు ఫీజు లేని చదువు, ఇవి రెండూ నా టీచరు పనిని పట్టుకుని ఉన్నవి. మీ బావ పోయి మూడేళ్ళయింది కదా, రాయదుర్గం నుంచి బదరీనారాయణ బావగారు వచ్చినప్పుడల్లా ఒకటే మాట. "ఉద్యోగం ఉండేదాకా పిల్లను పెట్టుకోమ్మా. అది పోయిన రోజు మా తమ్ముని బిడ్డ మా ఇంట్లో ఉండాల." నన్ను కూడా రమ్మని మాత్రం ఆయన ఎన్నడూ అనలేదు. తోడికోడలు సుమిత్రక్క అసలే అనదు.

హేమ టేపులో మా గదిలో ఉన్న బల్లి గురించి చెప్పింది. దిద్దకుండా కూర్చోవడానికి నాలుక కరుచుకున్నాను.

అక్క.


హైదరాబాదు,
20 నవంబరు 2001.

అక్కా,

నిన్న మా సారు నవ్వడం మానేశాడు.

నెలల తరబడి నీ క్యాసెట్లే వింటున్నాను. ఓబుళేసు తాత ఇంగ్లీషు ఆయన కాలపు అయ్యవార్ల ఇంగ్లీషు, కోటు తొడుక్కున్నట్టే ఉంటుంది. నీ పిల్లలది అలా కాదు. ఎగ్గును యెగ్గంటారు, ఓన్లీని వోన్లీ అంటారు. ప్రశ్న అడిగితే చివర ఏమప్పా అన్నట్టు సాగుతుంది. మన మాట నడక మొత్తం అందులో ఉంది. ఇంకా అద్భుతం ఏమిటంటే ఒకరిద్దరు తప్ప పిల్లలంతా ఒకేలా పలుకుతారు, అందరూ నీలా పలుకుతారు. ఒక టీచరు ఒక ఊరి ఇంగ్లీషును తయారుచేసింది అని రాశాను. కంబదూరు ఇంగ్లీషు అని దానికి పేరు కూడా పెట్టాను. నువ్వు నా థీసిస్సులో ఒక అధ్యాయానివి అక్కా.

కృతజ్ఞతగా బడికి ఒక చిన్న నివేదిక పంపాను, బయ్యన్న గారి పేరు మీద. ప్రతి పిల్లవాడి పలుకులో మన ప్రాంతపు లక్షణాలు నూటికి ఎన్ని ఉన్నాయో పట్టిక వేశాను. మామూలుగా పేర్లు రాయకూడదు. పిల్లలు చూసుకుని మురిసిపోతారని రాశాను. హేమకు తొంభై ఒకటి వచ్చింది. తేజ అందర్నీ మించాడు, తొంభై నాలుగు.

అశోక్.


కంబదూరు,
10 డిసెంబరు 2001.

అశోకూ,

నీ నివేదిక నేను చూడకముందే బయ్యన్న చేతికి వచ్చింది. ఆయనకు ఇంగ్లీషు అంతంత మాత్రం. పేర్లు చూశాడు, ఎదురుగా అంకెలు చూశాడు, హైదరాబాదు ముద్ర చూశాడు. తెచ్చి నోటీసు బోర్డులో అంటించేశాడు. నేను క్లాసులోంచి బయటికి వచ్చేసరికి లింగప్ప మైసూరుపాకు పంచుతున్నాడు. తేజ ఫస్టు వచ్చినాడంట. తక్కువ అంకెలు వచ్చిన పిల్లలు ఇద్దరు ఏడుస్తున్నారు. వాళ్ళిద్దరూ కిందటేడు బెంగుళూరు నుంచి వచ్చినవాళ్ళు, వాళ్ళ నాయన వాళ్ళను వీపు మీద రెండు వేశాడు.

నేను ఆ కాగితం చదివాను. నాకు అర్థమైంది. పెద్ద అంకె అంటే పెద్ద మార్కు కాదు, ఎంత మన యాస ఉందో అంత అని. చెప్పాలని నోరు తెరిచాను. అందరూ నా చేతిలో మిఠాయి పెడుతున్నారు, మీ చలవేనమ్మా అంటున్నారు. ఈ రెండేళ్ళలో ఈ ఊళ్ళో మనుషులు నవ్వగా చూసింది అదే. చెనిక్కాయ పంట మళ్ళీ పోయింది. చెప్పకుండా మిఠాయి నోట్లో వేసుకున్నాను.

ఎవరైనా సరిగ్గా చదివేలోపల నువ్వు ఏదో ఒకటి చెయ్యి. వేరే కాగితం పంపు, ఆ కాగితంలో తప్పు దొర్లిందని, తీసేయమని రాయి. నాకు భయంగా ఉంది.

అక్క.


కంబదూరు,
21 జనవరి 2002.

అశోకూ,

నీ జవాబు రాలేదు. రాకముందే కొంప మునిగింది.

లింగప్ప బావమరిది బెంగుళూరులో కంప్యూటరు కంపెనీలో పని చేస్తాడు. సెలవులకు వచ్చి, మేనల్లుడి ఫస్టు చూడాలని బోర్డు దగ్గరికి వెళ్ళాడు. చదివి పడీ పడీ నవ్వాడు. ఇది మార్కులు కాదు బావా, మీవాడు నూటికి తొంభై నాలుగు పాళ్ళు పల్లెటూరి ఇంగ్లీషు మాట్లాడుతాడని రాసినారు అని చెప్పాడు. లింగప్ప అక్కడే నేల మీద కూర్చుండిపోయాడు. ఊరంతా పంచిన మిఠాయి ఆయనకు గుర్తొచ్చి ఉంటుంది.

మరునాడు పది మంది వచ్చారు. అరవలేదు. అరిచినా బాగుండేది. బంగారం తాకట్టు పెట్టి పిల్లలను చేర్పించినవాళ్ళు వాళ్ళు. మేము చేన్లో పడిన కష్టం మా బిడ్డలు పడకూడదనే కదా అన్నారు. బయ్యన్న నన్ను గదిలోకి పిలిచాడు. ఆయన చెడ్డవాడు కాదు అశోకూ, కళ్ళు ఎత్తి నన్ను చూడలేకపోయాడు.

"నువ్వు మంచిదానివేమ్మా, కాదనను. అయితే జనం నా బడికి బిడ్డలను యాల పంపుతాండారు? మనూరి మాట నేర్సుకునేదానికా? అది ఇంట్లోనే వస్తాది గదా."

నెలాఖరు దాకా గడువిచ్చాడు. హైదరాబాదు నుంచి ఒక మాట తెప్పించుకో, నీ ఇంగ్లీషు మంచిదేనని, చూపిచ్చి జనాన్ని సముదాయిస్తాను అన్నాడు.

ఒక్క వాక్యం చాలు అశోకూ. కల్పన గారి ఇంగ్లీషు బాగుంది అని మీ డిపార్టుమెంటు కాగితం మీద ఒక్క వాక్యం. వేరే ఏమీ రాయవద్దు. దాని మీదే హేమ ఉంది. బావగారికి అప్పుడే ఎవరో చెప్పారు, పిల్ల టీసీ తీసి పెట్టమని కబురు పంపాడు. నీ కాళ్ళు పట్టుకోవాలంటే పట్టుకుంటాను. ఇవాళే పోస్టు చెయ్యి.

అక్క.


హైదరాబాదు,
6 ఫిబ్రవరి 2002.

అక్కా,

శిక్షణకని రెండు నెలలు మైసూరులో ఉన్నాను, తిరిగొచ్చాక నీ ఉత్తరాలు రెండూ ఒకేసారి చూశాను. ఏమీ కంగారు పడకు. బయ్యన్న గారికి నేనే రాసేశాను, ఒక వాక్యం కాదు, మూడు పేజీలు.

నువ్వడిగిన మాట మాత్రం రాయలేకపోయాను. మా శాస్త్రంలో మంచి పలుకు, చెడ్డ పలుకు అన్న మాటలే లేవు అక్కా. అలా రాస్తే నా సంతకానికే విలువ పోతుంది. దానికి బదులు ఇంకా గొప్పగా రాశాను. ఏ యాసా తక్కువ కాదని, లండనువాళ్ళకు లండను యాస ఉన్నట్టే మనకు మనది ఉండాలని. ఈ పిల్లలు అచ్చం తమ టీచరులాగే పలుకుతారని, కంబదూరు ఇంగ్లీషు ఆమె చేతిలోనే పుట్టిందని, నా రికార్డింగులు దానికి సాక్ష్యమని. ఒక టీచరుకు ఇంతకన్నా పొగడ్త ఎక్కడ దొరుకుతుంది? వాళ్ళు నీకు సన్మానం చేయాలి.

నీ అశోక్.


కంబదూరు,
3 మార్చి 2002.

అశోకూ,

సన్మానం జరిగింది.

గడువు దాటి వచ్చినా నీ ఉత్తరం పేరెంట్సు మీటింగులో చదివించారు. లింగప్ప బావమరిదినే పిలిపించి, ఒక్కొక్క వాక్యం తెలుగులో చెప్పించారు. అచ్చం టీచరులాగే అన్న చోట ఆపించి మళ్ళీ చదివించారు. రుజువు దొరికిందని ఎవరూ సంతోషించలేదు, అందరూ నావైపు జాలిగా చూశారు. బయ్యన్న నన్ను లేచి ఇంగ్లీషులో నాలుగు మాటలు మాట్లాడమన్నాడు, కడసారి అవకాశంగా. టీవీలో వార్తలు చదివే ఆమెను తలుచుకుని అలా పలకడానికి చూశాను. నా గొంతు నాకే వేరేవాళ్ళదిలా వినిపించింది. వెనక వరసలో పిల్లలు నవ్వారు. నా పిల్లలే. హేమ తల దించుకుంది.

కేరళ నుంచి కొత్త టీచరమ్మ వస్తోంది. ఈ నెలతో నా పని సరి. గది కూడా.

ఇప్పుడు నీ మీద కోపం తెచ్చుకునే తీరిక కూడా నాకు లేదు. ఒక్కటే అడుగుతాను. మమ్మల్ని హైదరాబాదు తీసుకుపో. ఏ మూల గదైనా సరే, ఏ ఇంట్లో వంటపనైనా చేస్తాను. అమ్మానాన్న ఉంటే నిన్ను అడిగేదాన్ని కాదు. బావగారు ఉగాది దాటగానే వచ్చి పిల్లను తీసుకుపోతానని చెప్పి పంపాడు. అది వెళ్ళిపోతే నేను దేనికి లేవాలి, దేనికి అన్నం వండాలి, నాకు తెలియడం లేదు. దాన్ని వదిలి బతకలేను. ఇది ఉత్తరంలో రాసే మాటగా రాయడం లేదు.

అక్క.


హైదరాబాదు,
20 మార్చి 2002.

అక్కా,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు ఏ పనీ చేయలేకపోయాను. నా ఉత్తరాన్ని వాళ్ళు అంత తలకిందులుగా అర్థం చేసుకుంటారని అనుకోలేదు. కానీ నేనుండేది మగవాళ్ళ హాస్టలు, గదిలో ముగ్గురం. స్కాలర్‌షిప్పు ఎప్పుడొస్తుందో తెలియదు. థీసిస్సు ముగిసి ఉద్యోగం రానీ, మొదట నిన్నూ హేమనూ తెచ్చుకుంటాను. ఒక్క సంవత్సరం ఎలాగైనా ఓర్చుకో. బయ్యన్న గారినే మరోసారి అడిగి చూడు, వేరే పని ఏదైనా ఇస్తాడేమో.

ఇంకొక మాట, ఇప్పుడు చెప్పకూడదేమో. పోయినసారి రికార్డు చేసిన పిల్లల్లో ఒకరినైనా సంవత్సరం తరవాత మళ్ళీ రికార్డు చేయాలని సారు అంటున్నాడు. హేమ నీతోనే ఉంటే వీలైనప్పుడు చేసి పంపు. ఈసారి పెద్దవాళ్ళు ఎవరూ గదిలో ఉండకూడదు, పిల్లలనే వదిలేయాలి.

అశోక్.


కళ్యాణదుర్గం,
15 డిసెంబరు 2002.

చిరంజీవి అశోకుకు,

చాలా నెలలుగా రాయలేదు. రాయడానికి మంచి మాట ఏదైనా ఉంటే రాద్దామని ఆగాను.

బయ్యన్న బడిని కళ్యాణదుర్గానికి మార్చాడు. కొత్త పేరు, కొత్త బిల్డింగు, అందరూ కొత్త పిల్లలు. కంబదూరు పిల్లలను వాళ్ళ అమ్మానాన్నలు మాన్పించేశారు, సగం మంది వలసపోయారు. నువ్వు చెప్పినట్టే ఆయన్ను మళ్ళీ అడిగాను. చాలాసార్లు అడిగాను. హాస్టల్లో పిల్లలను చూసుకునే పని ఇచ్చాడు. హేమకు ఫీజు లేని సీటు అలాగే ఉంచాడు. ఒక షరతు పెట్టాడు, పిల్లలతో ఇంగ్లీషులో మాట్లాడకూడదని, నేను ఒకప్పుడు టీచరునని ఎవరితోనూ అనకూడదని. ఒప్పుకున్నాను. బావగారు వచ్చి చూసి, పని ఉంది కదా అని వెళ్ళిపోయాడు. హేమ నా దగ్గరే ఉంది. నాకు కావలసింది అదే కదా.

ఇక్కడ నీళ్ళ ట్యాంకరు రెండు రోజులకొకసారి వస్తుంది. చేతులు పగిలిపోయి రాత కుదురుగా రావడం లేదు, ఏమీ అనుకోకు.

హేమ క్యాసెట్టు ఇందులో పెట్టాను. అది, దాని స్నేహితులు మాత్రమే కూర్చుని మాట్లాడుకున్నారు. నేను వినలేదు.

అక్క.


హైదరాబాదు,
8 జనవరి 2003.

అక్కా,

వార్డెనువయ్యావన్నమాట. మార్చిలో నువ్వు రాసినది చదివి ఎంత బెంగపడ్డానో, చివరికి అన్నీ సర్దుకున్నాయి. టీచరుకన్నా వార్డెనే నయం, నోట్సులు దిద్దే పని ఉండదు. బయ్యన్న పెద్దమనిషి అని నేను మొదటినుంచీ అంటూనే ఉన్నాను.

హేమ క్యాసెట్టు విని లేచి నిలబడ్డాను. ఇది అదే పిల్లేనా? పోయినసారి తొంభై ఒకటి, ఇప్పుడు పన్నెండు. యెగ్గు పోయింది, వోన్లీ పోయింది, ఆ సాగదీత మొత్తం పోయింది. ఒక్క సంవత్సరంలో ఒక యాస ఇంత శుభ్రంగా తుడిచిపెట్టుకుపోవడం ఎవరూ చూపించలేదు అక్కా. సారు దీన్ని ఢిల్లీలో చదవమన్నాడు.

ఒక చిన్న సందేహం. క్యాసెట్టు చివర తలుపు తెరిచిన చప్పుడు, గ్లాసులు పెట్టిన చప్పుడు వినబడతాయి. పిల్లలు గప్‌చుప్ అయిపోతారు. అప్పుడు హేమ తెలుగులో అంటుంది, "ఆయా, నువ్వు ఈడికి రావద్దు. నీళ్ళు ఆడ పెట్టి పో" అని. మనూరి తెలుగు మాత్రం చెక్కు చెదరలేదు, విని ఎంత నవ్వుకున్నానో. వచ్చినామె ఎవరో ఒక్క మాట కూడా మాట్లాడలేదు. రోజూ పిల్లలతో మసిలే మనిషి కాబట్టి వాళ్ళ పలుకు మీద ఆమె ప్రభావం ఎంతో కూడా నేను లెక్కలోకి తీసుకోవాలి. ఆమె పేరు, వయసు, మాతృభాష, చదువు కనుక్కుని రాయి. మన హేమ పెద్దవాళ్ళతో అలా మాట్లాడితే ఒక మొట్టికాయ కూడా వెయ్యి, నా తరఫున.

నీ అశోక్.


కళ్యాణదుర్గం,
22 జనవరి 2003.

అశోకూ,

వార్డెను వేరే ఆమె. నేను హాస్టల్లో అంట్లు తోముతాను, గదులు ఊడుస్తాను, పిల్లలకు తలలు దువ్వుతాను. నువ్వు వార్డెననుకున్నావు, అనుకోనిద్దామనే ముందు అనుకున్నాను.

క్యాసెట్టులో వచ్చిన ఆయా నేనే.

హేమను ఏమీ అనకు. కొత్త బళ్ళో చేరిన వారానికి, వాళ్ళ అమ్మ ఏం చేస్తుందని ఎవరో అడిగితే, ఊరికెళ్ళింది అని చెప్పిందట. తరవాత నా దగ్గరికి వచ్చి ఏడ్చింది. "అమ్మా, అందరి ముందర నిన్ను ఆయా అంటే కోపమొస్తాదా?" అని అడిగింది. రాదు అన్నాను. పదేళ్ళ పిల్ల, అంతమంది మధ్య బతకాలి కదా. మొదట్లో ఎవరూ లేనప్పుడు అమ్మా అనేది. ఇప్పుడు అలవాటులో ఒక్కోసారి అదీ మరిచిపోతుంది. ఆ రోజు నువ్వు పెద్దవాళ్ళు ఉండకూడదన్నావని నేను బయటే ఉన్నాను, పిల్లలకు దాహమవుతుందని నీళ్ళు తీసుకుపోయాను. అది నన్ను పొమ్మన్నప్పుడు పక్కనే ఉన్న పిల్ల నవ్వింది. నేను గ్లాసులు పెట్టి వచ్చేశాను. వెళ్ళి అంట్ల ముందు కూర్చున్నాను. ఇంతకన్నా రాయదుర్గంలోనే దాన్ని వదిలేసి ఉంటే, అక్కడైనా నన్ను అమ్మా అని తలుచుకునేదేమో అనిపించింది. అది తప్పో ఒప్పో నాకు చెప్పగలిగినవాళ్ళు ఎవరూ లేరు.

నువ్వడిగినవి రాస్తున్నాను, నీ పని ఆగకూడదు.

పేరు కల్పన. వయసు ముప్పై మూడు. మాతృభాష తెలుగు. చదువు బి.ఏ., బి.ఎడ్.

పిల్లల పలుకు మీద ఆమె ప్రభావం ఏమీ లేదు.

కల్పన.